మల్లన చదరంగం పద్యంలోని ఇరవై అంకెల సంఖ్యని చేత్తో విడగొట్టడం

శ్రీకాకుళంలో డిగ్రీ రెండో ఏడు చదువుతున్న అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది, క్లుప్తంగా: "తెలుగు క్లాసులో పావులూరి మల్లన చదరంగం పద్యం చెప్పారు. అందులోని మాటల్ని అంకెలుగా మారిస్తే 18446744073709551615 వచ్చింది. చివర 5 ఉంది కాబట్టి 5తో పోతుంది. అంకెల మొత్తం 87 కాబట్టి 3తో పోతుంది, 9తో పోదు. అక్కడితో ఆగిపోయాను మాస్టారూ. కంప్యూటర్‌లో వేస్తే 3, 5, 17, 257, 641, 65537, 6700417 అని ఏడు ప్రధాన సంఖ్యలు ఇచ్చింది. ఇవి చేత్తో ఎలా వస్తాయి? 6700417 ప్రధాన సంఖ్యే అని కంప్యూటర్ మాట నమ్మడం తప్ప దారి లేదా?"

దారి ఉందమ్మా. మొత్తం పని రెండు పేజీల్లో అయిపోతుంది, కష్టమైన భాగహారాలు నాలుగంటే నాలుగే.

ముందు సంఖ్య సంగతి. నువ్వు తీసింది సరైనదే. శర 5, శశి 1, షట్క 6, చంద్ర 1 అని మొదలై కుంజర 8, తుహినాంశు 1 దగ్గర ముగుస్తుంది. అంకెల్ని కుడి నుంచి ఎడమకి పేర్చుకోవాలి. మన పద్ధతిలో కామాలు పెడితే 1,84,46,74,40,73,70,95,51,615. నోటితో చెప్పాలంటే దాదాపు ఒక లక్షా 84 వేల 467 కోట్ల కోట్లు. చదరంగం బల్ల మీద మొదటి గడిలో ఒక గింజ, తరవాతి గడిలో రెండు, ఆ తరవాత నాలుగు, ఇలా 64 గళ్ళకీ రెట్టిస్తూ పోతే వచ్చే మొత్తం ఇది. మహావీరాచార్యుడి సంస్కృత గణితాన్ని 11వ శతాబ్దంలో తెలుగులోకి తెచ్చిన మల్లన పేరు మీద ఉన్న ఆ పద్యంలో ఇరవై అంకెలకి ఒక్కటి కూడా తప్పు పోలేదు. ఒక్కో బియ్యపు గింజ 20 మిల్లీగ్రాములు అనుకుంటే ఇది 36,900 కోట్ల టన్నులు. వంశధార, నాగావళి ఆయకట్టులు సరే, ప్రపంచమంతా కలిసి ఏడాదికి పండించే బియ్యమే 50 కోట్ల టన్నుల పైచిలుకు.

గింజల లెక్క ఇక వదిలేద్దాం. నువ్వు ఆగిపోయింది సంఖ్యని అంకెలుగా చూడటం వల్ల. కోచింగుల్లో నేర్పే భాజనీయతా సూత్రాలన్నీ అంకెల మీద నడిచేవే. చిన్న సంఖ్యలకి అవి చాలు, ఇరవై అంకెల దానికి చాలవు. విజయనగరంలో ఇన్నేళ్ళు లెక్కలు చెప్పాక నాకు అర్థమైంది ఏమిటంటే, పిల్లలు పెద్ద సంఖ్య కనపడగానే భాగహారం మొదలుపెడతారు, అది ఎక్కడి నుంచి పుట్టిందో అడగరు. ఇది రెట్టింపుల మొత్తం. 1 + 2 + 4 + … + 2⁶³ అంటే 2⁶⁴ − 1. ఈ రూపం చేతికొస్తే తక్కినదంతా దాని వెంట వస్తుంది.

2⁶⁴ అనేది 2³²కి వర్గం. వర్గంలోంచి ఒకటి తీసేస్తే ఏమవుతుందో ఎనిమిదో తరగతిలోనే చదువుకున్నావు: (2³² − 1)(2³² + 1). మొదటిదాన్ని మళ్ళీ అలాగే విడగొట్టు: (2¹⁶ − 1)(2¹⁶ + 1). ఇలా దిగుకుంటూ పోతే చివరికి 2 − 1, అంటే 1 మిగులుతుంది. చేతిలో ఉన్నవి ఇవి:

3 × 5 × 17 × 257 × 65537 × 4294967297

ఒక్క భాగహారం కూడా చేయలేదు చూడు. ఈ ఆరూ ఫెర్మా సంఖ్యలు, అంటే 2కి 1, 2, 4, 8, 16, 32 ఇలా రెట్టిస్తూ పోయే ఘాతాలు వేసి ఒకటి కలిపితే వచ్చేవి. వీటికో చక్కని గుణం ఉంది: మొదటి కొన్నింటిని గుణిస్తే తరవాతి దానికంటే సరిగ్గా 2 తక్కువ వస్తుంది. 3 × 5 = 15, అది 17 − 2. 3 × 5 × 17 = 255, అది 257 − 2. అందుకే ఏ రెండింటికీ ఉమ్మడి ప్రధాన కారణాంకం ఉండదు. ఉంటే అది 2ని కూడా భాగించాలి, ఇవన్నీ బేసి సంఖ్యలాయె. ఈ మాట గుర్తుంచుకో, కాసేపట్లో పనికొస్తుంది.

ఫెర్మా 1640 ప్రాంతంలో ఈ వరసలోని సంఖ్యలన్నీ ప్రధానాలే అనుకున్నాడు. 3, 5, 17, 257, 65537 దాకా ఆయన మాట నిజమే. ఆరోదాని దగ్గర, అంటే 4294967297 దగ్గర, 1732లో ఆయిలర్ ఆ నమ్మకాన్ని కూల్చేశాడు: 641 × 6700417. నీ పట్టికలో ఆ రెండూ కనపడటానికి కారణం ఇదే. ఆ 641 ఎలా తట్టిందన్నదే ఈ లెక్క మొత్తానికీ ఆయువుపట్టు. దీన్ని నిదానంగా చదువు.

2, 4, 8, 16… వీటిని ఏదైనా బేసి ప్రధానంతో భాగించి శేషాలు రాసుకుంటూ వెళ్ళు. 7తో అయితే 2, 4, 1, మళ్ళీ 2, 4, 1. మూడు అడుగులకోసారి 1 వస్తుంది. 63 మూడుకి గుణిజం కాబట్టి 2⁶³కి శేషం 1, 2⁶⁴కి శేషం 2, మన సంఖ్యకి శేషం 1. కాబట్టి 7తో పోదు. 17తో అయితే 2, 4, 8, 16, 15, 13, 9, 1. ఇక్కడ ఎనిమిది అడుగులకి 1 వచ్చింది, 64 ఎనిమిదికి గుణిజం, కాబట్టి 17తో పోతుంది. ఈ అడుగుల సంఖ్యని ఆర్డర్ అంటారు. సూత్రం ఒక్కటే: ఒక ప్రధాన సంఖ్య దగ్గర 2 ఆర్డర్ 64ని భాగిస్తే ఆ ప్రధానం మన సంఖ్యని భాగిస్తుంది, లేకపోతే భాగించదు. 64ని భాగించేవి 1, 2, 4, 8, 16, 32, 64 మాత్రమే. 11కి ఆర్డర్ 10, 13కి 12, 19కి 18, 23కి 11, 31కి 5. ఇవన్నీ అవుట్. మన ఏడుగురికీ చూస్తే 3కి 2, 5కి 4, 17కి 8, 257కి 16, 65537కి 32, చివరి ఇద్దరికీ, అంటే 641కీ 6700417కీ, 64.

ఇప్పుడు ఫెర్మాదే ఇంకో సిద్ధాంతం, డిగ్రీ మొదటి ఏడులోనే వచ్చి ఉంటుంది: ప అనే బేసి ప్రధానం తీసుకుంటే 2 ఆర్డర్ ఎప్పుడూ ప − 1ని భాగిస్తుంది. 4294967297ని ప భాగిస్తే 2³²కి శేషం −1, 2⁶⁴కి శేషం 1, అంటే ఆర్డర్ 64. అందుకని ప − 1 తప్పనిసరిగా 64కి గుణిజం. ప అనేది 64క + 1 రూపంలోనే ఉండాలి. 65, 129, 193, 257, 321, 385, 449, 513, 577, 641… వీటిలో ప్రధానాలు 193, 257, 449, 577, 641. అంటే ఐదో ప్రయత్నంలో 641 దొరుకుతుంది.

1878లో ఫ్రెంచ్ గణితవేత్త లూకా ఇంకో అడుగు ముందుకేశాడు. 64 కాదు, 128కి గుణిజం కావాలన్నాడు. దానికి నిరూపణ పుస్తకాల్లో కొంచెం బరువుగా ఇస్తారు గానీ, మనకి కావలసినంత వరకు ఇలా తేలిగ్గా అవుతుంది. గ = 2⁸(2¹⁶ − 1) అనుకో. దాన్ని వర్గం చేస్తే 2¹⁶(2³² − 2¹⁷ + 1). పతో భాగించినప్పుడు 2³² + 1కి శేషం సున్నా కాబట్టి మిగిలేది −2³³, అంటే −2³² × 2. −2³²కి శేషం 1. కాబట్టి గ²కి శేషం 2. అదృష్టం చూడు, 2కి వర్గమూలం దొరికింది. 2 ఆర్డర్ 64 అయితే దాని వర్గమూలం గ ఆర్డర్ 128. కాబట్టి ప − 1 అనేది 128కి గుణిజం.

ఇప్పుడు జల్లెడ ఎంత సన్నమైందో చూడు. 128క + 1 రూపంలో 129, 385, 513 ప్రధానాలు కావు. 257 ప్రధానమే, కానీ అది కూడా ఫెర్మా సంఖ్యే, ఫెర్మా సంఖ్యలకి ఉమ్మడి కారణాంకం ఉండదని పైన తేల్చుకున్నాం. మిగిలిన మొట్టమొదటి అభ్యర్థి 641! వేసిన మొదటి దెబ్బకే పడింది.

పడిందని చూపడానికి భాగహారం కూడా అక్కర్లేదు. 641 = 5 × 2⁷ + 1. అదే 641 = 5⁴ + 2⁴ కూడా, అంటే 625 + 16. మొదటి సమీకరణం ప్రకారం 5 × 2⁷కి శేషం −1. నాలుగో ఘాతం చేస్తే 5⁴ × 2²⁸కి శేషం 1. రెండోదాని ప్రకారం 5⁴ బదులు −2⁴ పెట్టొచ్చు. అప్పుడు −2³²కి శేషం 1, అంటే 2³² + 1 నిశ్శేషంగా పోతుంది. నాకు సంఖ్యాశాస్త్రంలో ఇంత పొట్టిగా, ఇంత ముద్దుగా ఉన్న నిరూపణలు ఎక్కువ తెలియవు.

ఇక నీ అసలు సందేహం, 6700417. మామూలుగా అయితే దీని వర్గమూలం దాకా, అంటే 2588 దాకా ఉన్న ప్రధానాలన్నిటితో భాగించి చూడాలి. అవి వందల్లో ఉంటాయి, ఎవరికైనా టెన్షనే. కానీ దీని కారణాంకం ఏదైనా 4294967297కి కూడా కారణాంకమే, కాబట్టి అదీ 128క + 1 రూపంలోనే ఉండాలి. 2588 లోపు అలాంటివి ఇరవై. వాటిలో 897, 1025, 1281, 1537 (అది 29 × 53), 1793 (11 × 163), 1921 (17 × 113), 2177 (7 × 311), 2561 (13 × 197) లాంటివన్నీ ప్రధానాలు కావు. 257ని ఇందాకే తీసేశాం. మిగిలేవి నాలుగు: 641, 769, 1153, 1409. భాగించి చూడు.

6700417 = 641 × 10453 + 44
6700417 = 769 × 8713 + 120
6700417 = 1153 × 5811 + 334
6700417 = 1409 × 4755 + 622

ఒక్కటీ నిశ్శేషంగా పోలేదు. 6700417 ప్రధాన సంఖ్యే. కంప్యూటర్ మాట పక్కన పెట్టి, నీ నోట్‌బుక్ చూపించి చెప్పొచ్చు.

65537కి ఇదే మంత్రం వేస్తే ఇంకా తేలిక. అక్కడ కారణాంకాలు 64క + 1 రూపంలో, 256 లోపు ఉండాలి. 65, 129 ప్రధానాలు కావు, మిగిలింది 193 ఒక్కటే, దాంతో భాగిస్తే శేషం 110. అయిపోయింది.

ఏడు ప్రధానాలూ ఒక్కోసారే వచ్చాయి కాబట్టి తక్కిన గుణాలు చకచకా వచ్చేస్తాయి. భాజకం కట్టేటప్పుడు ఒక్కో ప్రధానాన్ని తీసుకోవడమో మానడమో, అంతే కదా, కాబట్టి 1నీ ఆ సంఖ్యనీ కలుపుకుని భాజకాలు 2⁷ = 128. వాటి మొత్తం 4 × 6 × 18 × 258 × 642 × 65538 × 6700418, అంటే 31421980989189888768. ఇది అసలు సంఖ్యకి 1.703 రెట్లు. రెండు రెట్లకి రాలేదు గనక ఇది పరిపూర్ణ సంఖ్య కాదు. తనని తాను వదిలేసి మిగతా భాజకాలు కూడితే తనకంటే తక్కువే వస్తుంది.

దాంతో ఉమ్మడి కారణాంకం లేని చిన్న సంఖ్యలు ఎన్ని అనేది, అంటే ఆయిలర్ ఫై విలువ, కొంచెం ఆగి చూడదగ్గది. 2 × 4 × 16 × 256 × 65536 అనేది 2³¹. దాన్ని 640 × 6700416తో గుణిస్తే 9208981628670443520. ఫెర్మా అన్నట్టు 4294967297 నిజంగా ప్రధానమే అయి ఉంటే ఈ విలువ 2³¹ × 2³², అంటే తూచినట్టు 2⁶³ అయ్యేది. ఆ 641 అడ్డం వచ్చి 6701056 × 2³¹ మేరకి తగ్గించేసింది.

ఆ తగ్గడం వల్ల రేఖాగణితంలో కూడా తేడా వచ్చింది. 1796లో గాస్ స్కేలు, కంపాస్‌లతో 17 భుజాల క్రమ బహుభుజి గీయొచ్చని తేల్చాడు. భుజాల సంఖ్య బేసి అయితే, అది వేర్వేరు ఫెర్మా ప్రధానాల లబ్ధం అయినప్పుడే గీయడం కుదురుతుంది. మనకి తెలిసిన ఫెర్మా ప్రధానాలు ఐదే. నీ 128 భాజకాల్లో 641 గానీ 6700417 గానీ లేనివి 32. అందులో 1ని తీసేస్తే 31. గీయగలమని తెలిసిన బేసి భుజాల బహుభుజులు సరిగ్గా అవే. వాటిలో పెద్దది 4294967295 భుజాలది, అంటే మన సంఖ్యలో మొదటి సగం, 2³² − 1. మన సంఖ్యంత భుజాలున్నది మాత్రం గీయలేం.

ఆ 32 భాజకాల్ని వరసగా పేర్చడానికి ఒక తమాషా దారి ఉంది. ఛందస్సు చదివినవాళ్ళకి మేరు ప్రస్తారం తెలిసే ఉంటుంది, ఇప్పటి పుస్తకాల్లో పాస్కల్ త్రిభుజం అంటారు. అందులో బేసి ఉన్నచోట 1, సరి ఉన్నచోట 0 రాసి, ఒక్కో వరసనీ ద్విసంఖ్యామానంలో చదువు. 1, 11 అంటే 3, 101 అంటే 5, 1111 అంటే 15, 10001 అంటే 17, తరవాత 51, 85, 255… ముప్పై రెండో వరస అన్నీ ఒకట్లే, అదే 4294967295. తెలుగు, లెక్కలు రెండూ చదివేవాళ్ళకి ఇలాంటివి ఊరికే దొరకవు, ఒక సాయంత్రం కూర్చుని వేసి చూడు.

ఒక జాగ్రత్త. ఇరవై అంకెల సంఖ్యని ఎక్సెల్‌లో వేయకు. అది 15 అంకెలే ఉంచుకుని మిగతా ఐదు చోట్లా సున్నాలు పెట్టేస్తుంది. అప్పుడు నీ సంఖ్య 2తోనూ 10తోనూ కూడా పోతుందని చెబుతుంది. కంప్యూటర్‌కి ఈ సంఖ్య బాగా తెలిసిందే అనుకో: 64 బిట్ల గదిలో పట్టే అతి పెద్ద పూర్ణాంకం ఇదే, 64 స్థానాల్లోనూ ఒకట్లు. ఇంకొక్కటి కలిపితే గది సున్నా అవుతుంది.

ఇంత చేశాక పక్కనే ఉన్నదాన్ని వదిలేయడం ఎందుకు? మన సంఖ్యకి 2 కలిపితే 18446744073709551617, అంటే 2⁶⁴ + 1. వరసలో తరవాతి ఫెర్మా సంఖ్య. ఇది కూడా ప్రధానం కాదు. 1880లో ఫ్రాన్స్‌కి చెందిన లాండ్రీ దాన్ని 274177 × 67280421310721 అని విడగొట్టాడు, అప్పటికి ఆయన వయసు ఎనభై దాటింది. ఇక్కడ కారణాంకాలు 256క + 1 రూపంలో ఉండాలి. 274177కి క విలువ 1071, కాబట్టి వెతకడం 641 అంత సులువు కాదు. సరిచూడటం మాత్రం నువ్వే చేయగలవు. 2³² అంటే 4294967296ని 274177తో భాగిస్తే శేషం 258768, అంటే 15409 తక్కువ. కాబట్టి 2³² బదులు −15409 తీసుకో. దాని వర్గం 237437281. ఇప్పుడు 274177ని 866తో గుణించు: 237437282. ఒక్కటే తేడా. అంటే 2⁶⁴కి శేషం −1, 2⁶⁴ + 1కి సున్నా. రెండో కారణాంకం 67280421310721 కూడా ప్రధానమేనా అని మాత్రం చేత్తో మొదలుపెట్టకు, 256క + 1 జల్లెడ పట్టినా అక్కడ నాలుగు భాగహారాలతో తెమలదు.